చక్రాలు లేచినప్పటి నుంచి

మా ఆయన అసలు పేరు ఈ ఊళ్లో నాకూ, జీతాల గుమాస్తాకీ తప్ప ఎవరికీ తెలియదు. కూరగాయల బండాయన దగ్గర నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ ఆయన ‘ముప్పై ఎనిమిది’. నేను ముప్పై ఎనిమిదిగారి భార్యని. గ్యాసు తెచ్చే కుర్రవాడెవడో కొత్తగా చేరి, చీటీ మీద ఆ అంకె చూసి ఇంటి నెంబరనుకుని, పక్క వీధిలో ముప్పై ఎనిమిదో నెంబరు ఇంట్లో మా సిలిండరు దించేసి పోయాడు. వాళ్లూ ఊరుకున్నారు, ఎవరో పుణ్యాత్ములు పంపారనుకుని. మూడు రోజులు కిరోసిన్ స్టవ్వుతో కుస్తీ పట్టాను.

ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఆయన మా ఊరి విమానాశ్రయంలో విచారణ కౌంటర్లో కూర్చుంటారు. విమానాశ్రయం అనగానే మీరు ఏవేవో ఊహించుకోకండి. ఒక హాలు, ఆరు వరసల కుర్చీలు, చిల్లర మింగేసి కాఫీ ఇవ్వని ఒక యంత్రం, సామాను తూచే ఒక కాటా. ప్రయాణికులు లేనప్పుడు ఆ కాటా మీద సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు ఎక్కి తమని తాము తూచుకుని నిట్టూరుస్తూ ఉంటారు. రోజుకి ఒక్కటే విమానం. రెక్కకో పంకా ఉన్న చిన్నది. పది దాటాక అవతలి ఊరికి వెళుతుంది, అక్కడ నలభై నిమిషాలు ఆగి మళ్లీ ఇటు వస్తుంది. దాని సంసారం అంతే.

మా ఆయన తల వెనక గోడకి ఒక బోర్డు ఉంటుంది. దూరం రెండు వందల పదకొండు కిలోమీటర్లు, ప్రయాణ సమయం ముప్పై ఎనిమిది నిమిషాలు అని. పెయింటరు పక్కన నిలబడి మరీ ఆయనే రాయించారు. అప్పటి నుంచీ ఎవరు ఏమడిగినా జవాబు అదే. బాత్రూము ఎటండీ అని అడిగినవాళ్లకి కూడా దారి చూపించి, పోతూ పోతూ ఆ ముక్క చేతిలో పెట్టి పంపుతారు. మా చెల్లెలు ఫోన్లో “బావగారూ, ఒంట్లో ఎలా ఉంది?” అంటే “బాగానే ఉందమ్మా, గాలి కలిసొస్తే ముప్పై ఆరే” అన్నారు. అది బీపీ అనుకుని చెల్లెలు గాభరా పడిపోయింది.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు కదూ. ఈ మహానుభావుడు విమానం ఎక్కలేదు. ఒక్కసారి కూడా. సిబ్బందికి ఏడాదికి రెండు ఉచిత టిక్కెట్లు ఇస్తారు. పంతొమ్మిదేళ్ల సర్వీసు. మీరే లెక్కవేసుకోండి, ఎన్ని మురగబెట్టారో. ఆ మొత్తం ఎంతయిందో తెలిసి నేను నవ్విన నవ్వుకి ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకు ఎక్కరు అని అడిగితే ఒక ఏడాది నడుం నొప్పి, ఒక ఏడాది ఆడిటు, ఒక ఏడాది “మనం ఎక్కితే ప్రయాణికుడికి ఒక సీటు తగ్గదుటే?” అసలు జబ్బు భయం. ఆ మాట పైకి అనగలిగే ధైర్యం కూడా లేదు.

ఇక అవతలాయన గురించి చెప్పాలి. అవతలి ఊరి విమానాశ్రయంలో సరిగ్గా ఇలాంటి కౌంటరే ఒకటి ఉంది. అక్కడ కూర్చునే ఆయన్ని నేను అవతలాయన అంటాను, మా ఆయన గురువుగారంటారు. ఈ రెండు కౌంటర్లకీ మధ్య ఒక ఆఫీసు లైను ఉంది. విమానం ఇక్కడ లేస్తే ఈయన ఆయనకి చెప్పాలి, అక్కడ దిగితే ఆయన ఈయనకి చెప్పాలి. తిరుగు ప్రయాణానికీ అంతే. రోజుకి నాలుగు ఫోన్లు. రెండు ముక్కలతో అయిపోవలసిన ఫోను పావుగంట సాగేది. గాలి ఎటుంది, మబ్బు ఎంతుంది, ఏ పైలట్ మెత్తగా దించాడు, ఎవడు కుదేశాడు, అక్కడి కాఫీ యంత్రం కూడా చిల్లర మింగుతోందా. ఇంటికొచ్చాక మళ్లీ అదంతా నాకు చెప్పేవారు. “గురువుగారు ఇవాళ ఏమన్నారో తెలుసా?” అని మొదలుపెడితే నేను కూరలు తరగడం అయ్యేదాకా ఆగేది కాదు. ఇన్నేళ్లలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాంటి వాళ్ల మధ్య చిచ్చు పెట్టింది హెడ్డాఫీసు.

నాలుగు నెలల కిందట తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇక్కడ విమానం ఎక్కి అక్కడ దిగాడు. ఇక్కడి బోర్డూ చూశాడు, అక్కడి బోర్డూ చూశాడు. అక్కడ రెండు వందల ఇరవై ఆరు కిలోమీటర్లనీ, యాభై రెండు నిమిషాలనీ ఉందట! వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ‘ఒకే ప్రయాణమునకు రెండు దూరములు, రెండు సమయములు ఉండుట విడ్డూరముగా నున్నది. ఉభయులూ చర్చించుకొని ఒకే అంకెను తెలియజేయవలెను.’

ఉభయులూ చర్చించుకున్నారు. ఆ చర్చ మా వీధి చివరకు వినిపించి ఉంటుందని నా అనుమానం. ఈయనేమో చక్రాల మీద ఒట్టు ముప్పై ఎనిమిదే అంటారు, ఆయనేమో ఒక్క నిమిషం తగ్గినా ఉద్యోగం వదిలేస్తానంటారు. చివరికి మా ఆయనకి ఒళ్లు తెలియలేదు. “మీ గడియారం ముసలిదైపోయింది గురువుగారూ, మీలాగే” అనేశారు.

ఆయన ఫోను పెట్టేశారు.

మర్నాటి నుంచీ అవతలి నుంచి ఒక్కటే ముక్క. దిగింది. లేచింది. టక్కున పెట్టేయడం. ఈయన “గురువుగారూ, మొన్నటి మాట...” అని మొదలుపెడితే “ఇంకేమైనా ఆఫీసు సంగతుందా?” అనడం, మళ్లీ టక్కు. మొదట్లో మా ఆయన మూతి ముడుచుకుని “పోనీ, ఆయనకే అంత ఉంటే నాకెంత ఉండాలి” అన్నారు. రెండో నెలకి కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినేసేవారు. నాకు భయం వేసింది. ఉప్పు చాలలేదని నాతో దెబ్బలాడని రోజు ఆయన జీవితంలో లేదు.

ఒక బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడ్డారు.

“ఏమైందండీ?”

“శుక్రవారం గురువుగారి రిటైర్మెంటు. మేనేజరు చెప్పాడు. ఆయన నాతో ఒక్క ముక్క అనలేదే.”

“అయితే వెళ్లి కనబడి రండి.”

“ఎలా వెళ్లను? వంతెన పనులు జరుగుతున్నాయి, బస్సులు ఆపేశారు.”

ఆయన వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన చూపు చెప్పుల మీదికి దించుకున్నారు.

“శనివారం నుంచి ఆ కుర్చీలో ఇంకెవడో కూర్చుంటాడు” అన్నారు. “ఆ మాట అన్నవాణ్ణిగానే మిగిలిపోతానే ఆయనకి. నాకు స్నేహితుడని చెప్పుకోడానికి ఆయన తప్ప ఎవరున్నారు?”

నేను జాలిపడితే ఈయన అక్కడే గుమ్మంలో పాతుకుపోతారు. అందుకని నెత్తిన నోరు పెట్టుకుని అరిచాను. “ముప్పై ఎనిమిదే నిమిషాలని ఊరందరికీ చెప్పి ఎక్కించారే! మీదాకా వచ్చేసరికి అది ముప్పై ఎనిమిదేళ్లయిందా? శుక్రవారం మీరు వెళుతున్నారు. నేనూ వస్తున్నాను. మీరు మధ్యలో దిగిపోతానన్నా తలుపు తియ్యరు కాబట్టి నాకు బెంగ లేదు.”

ఒక పూట సెలవు దొరికింది. అదే విమానంలో వెళ్లి, నలభై నిమిషాల్లో ఆయన్ని కలిసి, అదే విమానంలో తిరిగి రావాలి. అంతకన్నా కుదరదన్నాడు మేనేజరు.

శుక్రవారం ఆయన విమానం ఎక్కిన వైభవం ఏమని చెప్పను! ముందు వరసలో కిటికీ పక్క సీటు నాకు, దాని పక్కది ఆయనకి. రోజూ ఈయన్ని చూసే ఎయిర్ హోస్టెస్ అమ్మాయి “ఎక్కారా అంకుల్, ఎక్కారా!” అని చప్పట్లు కొట్టినంత పని చేసింది. తలుపు మూసిన చప్పుడు వినగానే ఈయన నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకోవడమంటే మామూలుగా కాదు, నా గాజు వంకరపోయింది. ఆయన మణికట్టు నా ముక్కు ముందుకొచ్చి ఆగిపోయింది. కళ్లు మూసుకుని ఆయన ఏవో గొణుక్కుంటుంటే, చూడ్డానికి ఇంకేమీ లేక నేను ఆయన గడియారం చూస్తూ కూర్చున్నాను. పది పద్నాలుగు.

విమానం కదిలింది. మెల్లిగా, తీరిగ్గా ఆ చివరికి పోయింది. అక్కడ ఆగింది. ఏదో ఆలోచించుకుంది. తర్వాత ఒక్కసారి గుండె ఝల్లుమనేలా పరుగెత్తి లేచింది. అప్పుడు మా ఆయన కళ్లు తెరవకుండానే “లేచిందిటే? టైమెంత?” అన్నారు. “పది ఇరవై రెండు.” “రాసుకో, అక్కణ్ణించీ లెక్క” అని మళ్లీ గొణుగుడులో పడ్డారు. ప్రాణం పోతున్నా ఈ యావ మాత్రం పోదు.

సగం దారిలో కిటికీలోంచి ఒక పెద్ద కొండ కనబడింది. చూస్తుంటే అది మాకు ఒక పక్కగానే ఉండిపోతోంది, వెనక్కి పోవడం లేదు. ఇదేమిటమ్మా అని ఎయిర్ హోస్టెస్‌ని అడిగాను. “చుట్టు తిరిగి వెళతామాంటీ, రోజూ అంతే. పదిహేను కిలోమీటర్లు ఎక్కువ పడుతుంది” అంది. నేను మా ఆయన డొక్కలో పొడిచాను. “విన్నారా? రెండు వందల పదకొండూ, పదిహేనూ ఎంత?” ఆయన ఒక కన్ను తెరిచారు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీసి కొలిచారట ఈయన. విమానం గీత మీద పోతుందా, కొండ అడ్డమొస్తే?

పదకొండింటికి చక్రాలు నేలకి తగిలాయి. “ముప్పై ఎనిమిది!” అని ఆయన సీట్లోంచి ఎగిరినంత పని చేశారు, బెల్టు ఉండబట్టి ఆగారు. “చెప్పానా! చెప్పానా!” ఇంకా విమానం పోతూనే ఉంది, వంకర తిరుగుతోంది, నిలబడుతోంది. తలుపు తీసేటప్పటికి పదకొండూ ఆరు.

నేను వేళ్ల మీద లెక్కవేశాను. ఇంకోసారి వేశాను.

“ఏమండీ, తలుపు మూసినప్పుడు పది పద్నాలుగు. తీసినప్పుడు పదకొండూ ఆరు. ఎంతయింది?”

“యాభై రెండు” అన్నారాయన, గడియారాన్ని చొక్కా చేతి కింద దాచేస్తూ.

“మీరు చక్రాలు లేచినప్పటి నుంచి లెక్కపెడుతున్నారు. ఆయన తలుపు మూసినప్పటి నుంచి లెక్కపెడుతున్నారు. ప్రయాణం ఎప్పుడు మొదలవుతుందో ఒకరినొకరు అడుక్కోకుండా నాలుగు నెలలు కొట్టుకు చచ్చారు. మీ ఇద్దరినీ ఒకే కాటా మీద నిలబెట్టి తూచాలి!”

దిగి హాల్లోకి వెళితే నాకు నవ్వొచ్చింది. అచ్చం మా హాలే. అవే ఆరు వరసలు, అదే కాఫీ యంత్రం, దాన్ని కొడుతున్న ఒక ప్రయాణికుడు. ఒక్కటే తేడా. మా కౌంటరు ముందు రన్‌వే అంతా కనిపిస్తుంది. ఇక్కడ కౌంటరు ముందు విమానం ఆగే చోటు మాత్రం కనిపిస్తుంది, తలుపూ, మెట్లూ, అంతే. పాపం, ఆయన చూడగలిగింది ఆయన లెక్కపెట్టుకున్నారు. కౌంటర్లో పొట్టిగా, బట్టతలతో, ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నారు. గొంతు విని ఆజానుబాహువు అనుకున్నారట మా ఆయన. అక్కడే ఆగిపోయారు.

నేనే వెళ్లి “అన్నయ్యగారూ, ఈయన ముప్పై ఎనిమిది” అన్నాను.

ఆయన లేచి నిలబడ్డారు. ఈయన నిలబడే ఉన్నారు. ఇద్దరూ ఒకరి చొక్కా గుండీలు ఒకరు చూసుకున్నారు.

“బాగున్నారా?”

“ఆఁ. మీరు?”

“ఆఁ.”

అంతే! అయిపోయింది! నాలుగు నెలలు తిండి మానేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తే ఇదీ సంభాషణ. ఐదు నిమిషాలు గడిచాయి. ఇద్దరూ కిటికీలోంచి విమానాన్ని చూస్తున్నారు, దాన్ని ఎప్పుడూ ఎరగనట్టు. ఎండ ఎక్కువగా ఉందన్నారు ఒకరు. అవునన్నారు ఇంకొకరు. పది నిమిషాలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మళ్లీ విమానం పిలుపుకి పట్టుమని పావుగంట కూడా లేదు.

అప్పుడు కౌంటరు మీద ఫోను చూశాను. పక్కనే ఉన్న పోర్టరుని “బాబూ, దీనికి లోపలి లైను ఇంకెక్కడైనా ఉందా?” అని అడిగాను. హాలు ఆ చివర సామాను గదిలో ఉందన్నాడు. మా ఆయన్ని రెక్క పట్టుకుని ఆ గదిలోకి లాక్కెళ్లి, గోడవైపు తిప్పి నిలబెట్టి, రిసీవరు చేతిలో పెట్టి, పోర్టరు చెప్పిన నెంబరు నేనే తిప్పాను. హాల్లో అవతల ఫోను మోగింది.

“హలో” అంది ఆయన గొంతు.

“గురువుగారూ” అన్నారు మా ఆయన. “ఆ గడియారం మాట నేను అనకూడదండీ. తప్పయిపోయింది. నాలుగు నెలల నుంచి అన్నం సయించడం లేదు.”

“ఏమయ్యా, నా గడియారం ముసలిదే, నేనూ ముసలాణ్ణే. అందులో అబద్ధమేముంది? నువ్వన్నావే అని బాధపడ్డాను. ఇంకెవడన్నా అయితే తుడిచి పారేసేవాణ్ణి.”

ఇద్దరి గొంతులూ అలవాటు కొద్దీ హాలంతా మోగుతున్నాయి. ప్రయాణికులు అటూ ఇటూ తలలు తిప్పుతూ వింటున్నారు. ఈయన చక్రాలూ తలుపూ సంగతి చెప్పారు, కొండ సంగతి చెప్పారు. ఆయన ఒకటే నవ్వు. “అయితే ఇద్దరమూ గెలిచామన్నమాట!” అన్నారు. ఇద్దరూ వెధవలయ్యారు అని నేను పక్కనుంచి అందించాను.

“రేపట్నుంచి నేనెవరితో మాట్లాడను గురువుగారూ?” అన్నారు మా ఆయన.

“మా ఇంట్లో ఫోనుందయ్యా.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ ఉంది. నువ్వెప్పుడూ నెంబరు అడగలేదు.”

“మీరూ ఇవ్వలేదు కదండీ!”

“అది ఆఫీసు లైను కదా, ఇంటి సంగతులు ఎలా మాట్లాడతాం? చేస్తే నేనే ఎత్తుతాను. మా ఆవిడ పోయి ఆరేళ్లయింది, ఇంకెవరూ ఎత్తరు.”

మా ఆయన గోడకి ఆనుకున్నారు. “అప్పుడు మీరు మూడు రోజులు సెలవు పెట్టారు” అన్నారు మెల్లిగా. “నాలుగో రోజు విమానం దిగిన సంగతి ఇరవై నిమిషాలు ఆలస్యంగా చెప్పారని మీతో గొడవపడ్డాను. ఆ సెలవు అందుకేనా?”

“నువ్వు గొడవపడ్డావు కాబట్టి ఆ పూట గడిచింది. సరే, ఉంటానయ్యా. నీ విమానాన్ని పిలవాలి.”

ఫోను పెట్టేసి ఆయన మైకు అందుకున్నారు. ప్రయాణికులు విమానం ఎక్కవలసిందని చెప్పారు. అదే ఆయన చివరి పిలుపు. సగంలో దగ్గొచ్చింది, నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. నేను సామాను చీటీ ఒకటి చించి ఆయన ముందు పెట్టి ఇంటి నెంబరు రాయించుకున్నాను. మా నెంబరు ఆయన అరచేతిలో నేనే రాశాను, చీటీ అయితే ఎక్కడో పడేస్తారని.

తిరుగు ప్రయాణంలో మా ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. దారంతా కళ్లు తెరుచుకునే కూర్చున్నారు. భయం వేయడం లేదా అంటే “ఆరేళ్లు నాకు తెలియలేదే” అన్నారు.

బోర్డు సంగతి తేలింది లెండి. తలుపు మూసినప్పటి నుంచి ఇంత, చక్రాలు లేచినప్పటి నుంచి ఇంత అని రెండూ రాసి పంపారు. ఒకే అంకె అడిగితే రెండు పంపినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి ఆ ఉత్తరం చూసి మా ఆయన హాయిగా నవ్వి కూరలో ఉప్పు చాలలేదన్నారు.

ఆ శుక్రవారం తర్వాత వచ్చిన సోమవారం పొద్దున పది దాటాక ఇంట్లో ఫోను మోగింది. ఈయన డ్యూటీలో ఉన్నారు. ఎత్తితే అవతలాయన.

“ఆయన లేరండీ అన్నయ్యగారూ, ఆఫీసులో ఉన్నారు.”

“తెలుసమ్మా. ఆఫీసు లైను ఇప్పుడు నాది కాదు కదా” అన్నారు. “ఏం లేదు. విమానం బయలుదేరిందేమోనని.”

పొయ్యి మీద పాలున్నాయి. నాకు విమానం సంగతి ఏనాడూ పట్టలేదు. “ఒక్క నిమిషం ఉండండి” అని రిసీవరు బల్ల మీద పెట్టి, పాలు దించేసి, మెట్లెక్కి డాబా మీదికి వెళ్లి విమానాశ్రయం వైపు తిరిగి నిలబడ్డాను.